అంతర్జాతీయ బంతి

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ చాప మూల ఖాళీగానే ఉంది, అక్కడ సర్దుకోండి. ఇవాళ చెప్పబోయేది నూకరత్నం ఫుట్‌బాల్ సంగతి. ఆట తెలియనివాళ్ళు మొహం చిట్లించక్కర్లేదు. ఇందులో బూరెలున్నాయి, బంతిపూలున్నాయి, ఒక పెద్దమనిషి మైదానం చుట్టూ పరిగెత్తడం కూడా ఉంది. మధ్యలో మటుకు ఎవరూ లేవకండి. లేచారంటే ఏ బంతి ఎక్కడుందో తెలియక తికమకపడతారు.

కాకినాడకి ఉత్తరాన తీరం వెంట పోతే ఇసుకతిప్ప అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మైలపల్లి వాళ్ళ పిల్ల నూకరత్నం. తండ్రి బోటు మీద వేటకి పోతాడు, తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. పిల్లకి నడక వచ్చిన నాటినుంచీ ఎడమకాలు ఊరుకోదు. దారిలో కొబ్బరిబొండాం కనబడితే తన్నేది, తాటికాయ కనబడితే తన్నేది. ఇలా వదిలేస్తే గోళ్ళు మిగలవని తండ్రి ఒకరోజు కూర్చుని, మధ్యలో వలని తేల్చే బెండ్లు నాలుగు పెట్టి, చిరిగిన వలముక్కలు చుట్టి, పైన నైలాను తాడుతో బిగించి ఒక బంతి చేసిచ్చాడు. అది అలలోకి పోయినా మునగదు. తేలుకుంటూ వస్తుంది. ఆ వలబంతితో తడి ఇసుకలో ఆడి ఆడి, పద్నాలుగో ఏడు వచ్చేసరికి ఊళ్ళో మగపిల్లలు ఆ పిల్ల బంతితో ఎదురొస్తే దారిచ్చి తప్పుకునేవాళ్ళు.

బడిలో డ్రిల్లు మేష్టారు వీర్రాజు గారు ఇది చూసి, కాకినాడ తీసుకెళ్ళి జిల్లా బాలికా ఫుట్‌బాల్ వికాస మండలిలో పేరు రాయించారు. పదిహేనేళ్ళ లోపు జట్టు. అక్కడ బాగా ఆడినవాళ్ళని రాష్ట్ర శిబిరానికి పిలుస్తారు. ఏడాదంతా అక్కడే ఉండడం, చదువూ, తిండీ, బూట్లూ, ఆట నేర్పేవాళ్ళూ అన్నీ వాళ్ళవే.

నూకరత్నం తల్లి దీనికి ఒక గడువు పెట్టింది.

"పదేనేళ్ళొచ్చేదాకా ఆడుకోయే. ఆ లోపల ఆళ్ళు పిలిస్తే ఎల్దువుగాని. పిలవాపోతే మర్నాడు రొయ్యల షెడ్డుకి రా. నువ్వు కాలితో చేసిన పనంతా చేత్తో చేద్దువుగాని."

శ్రావణమాసం వస్తే పిల్లకి పదిహేను నిండుతాయి. గుర్తుపెట్టుకోండి, శ్రావణం.

ఇక మండలి సంగతి. దానికి సెక్రటరీ చక్రధరరావు గారు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. ఆయన జన్మలో బంతిని తన్నలేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. "నిర్వాహకుడన్నవాడు బంతి పట్ల తటస్థంగా ఉండాలి" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద రాసినదానికి కట్టుబడి ఉంటాడు, అదొక్కటే ఇబ్బంది.

ఆయన ఆ ఏడు ఢిల్లీలో మూడురోజుల సదస్సుకి వెళ్ళాడు. అక్కడ ఎవరో పెద్దాయన, పిల్లల ఆట ముదరాలంటే పరాయి దేశాల పిల్లలతో ఆడించాలి, అప్పుడే కళ్ళు తెరుచుకుంటాయి అని చెప్పాడట. చెప్పినాయన మంచిమాటే చెప్పాడు. మనవాడు దాన్ని రాసుకుని రైలెక్కాడు. రైలు కాకినాడ చేరేసరికి ఆ మాట తీర్మానం అయిపోయింది.

"బాలికలు అంతర్జాతీయ పోటీల వలననే వికసించెదరు. కావున స్థానిక పోటీలన్నియు తక్షణమే నిలుపుదల చేయడమైనది."

వీర్రాజు మేష్టారు అది చదివి బుర్ర గోక్కున్నారు. "పక్కూరితో ఆడకపోతే పైదేశంతో ఏం ఆడతారండీ?"

"మేష్టారూ, మీరు భూమ్మీద నిలబడి ఆలోచిస్తున్నారు" అన్నాడు సెక్రటరీ గారు జాలిగా. "పక్కూరితో ఆడితే పక్కూరి మేరకే వికసిస్తారు. పిల్లల వికాసానికి పిఠాపురం దగ్గర గిరి గీసేద్దామా?"

"పోనీ ప్రాక్టీసన్నా..."

"ప్రాక్టీసు దేనితో?"

"బంతితోనండి."

"మండలికి ఉన్నది ఒక్క తోలుబంతి. అది అంతర్జాతీయ ప్రమాణాలు కలది. దాన్ని మన పిల్లలు మన మైదానంలో తన్నితే అది స్థానిక బంతి అయిపోదూ?"

అలా ఆ బంతిని స్టోరులో పెట్టి తాళం వేశారు. తలుపు మీద 'అంతర్జాతీయ వినియోగార్థము మాత్రమే' అని చీటీ అంటించారు. తాళంచెవి స్టోరు సత్తిబాబు మొలతాడుకి చేరింది.

అప్పటినుంచీ ప్రాక్టీసు ఎలా సాగిందో చెబుతా వినండి. పిల్లలు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడేవాళ్ళు. మొదటి గంట, పరాయి దేశం వాళ్ళకి కరచాలనం ఇవ్వడం. రెండో గంట, వాళ్ళ జాతీయగీతం వినబడుతున్నట్టు ఊహించుకుని కదలకుండా నిలబడడం. మూడో గంట, మూడుమూలల జెండా ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం. పోటీ గెలిచాక ఏడవడం, ఓడాక నవ్వడం కూడా నేర్పారు. తాళ్ళరేవు పిల్ల ఒకతి ఓడి నవ్వడంలో ఎంత ఆరితేరిందంటే సెక్రటరీ గారు ఆమెని జట్టుకి నాయకురాలిని చేశారు.

నూకరత్నం మటుకు సాయంత్రం ఊరికి పోయి, వలబంతి తీసి, చీకటిపడేదాకా తడి ఇసుకలో ఆడుకునేది. అది స్థానిక ఆట కాబట్టి ఎవరికీ చెప్పేది కాదు.

ఇలా ఆరునెలలయ్యాక, రాష్ట్ర కార్యాలయంలో కూడా ఎవరో అదే సదస్సుకి వెళ్ళొచ్చినట్టున్నారు. శిబిరానికి రావాలంటే కనీసం ఒక్క అంతర్జాతీయ పోటీలో పాల్గొన్నట్టు ధ్రువపత్రం కావాలని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి జ్యేష్ఠం సగమైంది.

"ఇంకెంతండి మేష్టారూ, నెలన్నరుంది" అంది నూకరత్నం. "ఆ పైదేశపోళ్ళు ఎప్పుడొస్తారండి?"

వీర్రాజు మేష్టారు వేళ్ళ మీద రోజులు లెక్కపెడితే చాలేలా కనబడలేదు. కానీ ఆ పిల్ల అదృష్టం చూశారూ, సముద్రం అవతల ఏదో దీవిదేశం నుంచి ఆడపిల్లల జట్టొకటి మనదేశంలో ఊరూరూ ఆడుకుంటూ విశాఖపట్నం దాకా వచ్చింది. సెక్రటరీ గారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వాళ్ళని ఒక్కరోజు కాకినాడ రావడానికి ఒప్పించాడు. ఆషాఢంలో రెండో ఆదివారం. మేష్టారు ఈ కబురు చెప్పడానికి ఇసుకతిప్ప దాకా సైకిలు తొక్కారు.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. పరాయివాళ్ళు వస్తున్నారు కాబట్టి తెలుగువాళ్ళ పరువు నిలబెట్టాలని సెక్రటరీ గారికి తోచింది. ఏర్పాట్ల సర్క్యులర్ అంతా తెలుగులోనే ఉండాలి, ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకూడదు అన్నాడు. మ్యాచి అన్నచోట కార్యక్రమం అని రాశాడు. ఫుట్‌బాల్ అన్న ప్రతిచోటా, గుండెనిండా ఊపిరి పీల్చుకుని, బంతి అని రాశాడు.

"కార్యక్రమమునకు రెండు బంతులు సిద్ధముగా నుంచవలెను. మొదటి బంతి చెడినచో ఆలస్యము లేక రెండవ బంతి వేయవలెను. బంతికి ఇరువది ఇద్దరు. బంతిని మైదానము నడిమధ్యన ఉంచి సరిగా పదిగంటలకు ప్రారంభింపవలెను. బంతికి గాలి చాలినంత ఉన్నదీ లేనిదీ ముందుగా సరిచూసుకొనవలెను. బంతి గుండ్రముగాను, మచ్చలు లేకయు, ఒకే రంగునను ఉండవలెను. బంతిలో పాల్గొన్నవారే ధ్రువపత్రమునకు అర్హులు."

ఆట అయ్యాక భోజనాలు చూసేవాళ్ళూ, మైదానం అలంకరించేవాళ్ళూ సహా సంబంధించిన అందరికీ ఈ కాగితం ఒక్కో ప్రతి పోయింది.

వంటల పాపాయమ్మ గారికి అందిన ప్రతి ఆవిడ కొడుకు చదివి వినిపించాడు. పాపాయమ్మంటే గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళన్నీ ఆవిడ గరిటె కిందనుంచి వెళ్ళినవే. కళ్ళు మూసుకుని విని తలూపింది.

"ఎవరో తెలిసున్న మనిషే రాశాడ్రా. భోజనాల బంతికి ఇంతమందని ముందే చెప్పాడు చూడు. మరి గాలి సంగతి ఇన్నాళ్ళూ ఏ పెళ్ళివారన్నా అడిగారా? ఉక్కపోతలో విస్తరి ముందు కూచుంటే ఏం తింటారని ఆలోచించాడు మహానుభావుడు. నాలుగు ఫ్యాన్లు పురమాయించు, ఆ నిలబడేవి." తర్వాత ఒక్క క్షణం ఆగి మొహం ముడుచుకుంది. "మొదటి బంతి చెడినచో ఏంటంట? ముప్ఫై ఏళ్ళ నుంచి వండుతున్నాను, నా బంతి ఎక్కడ చెడింది? ఆ ముక్క ఒక్కటే బాలేదు."

అలంకరణ చూసే తోటల శాఖకి చేరిన ప్రతిని అక్కడి అధికారి రెండుసార్లు చదివాడు. గుండ్రంగా, మచ్చల్లేకుండా, ఒకే రంగు. ఆయన కడియం నర్సరీలకి స్వయంగా వెళ్ళి, ఒక్కో బంతిపువ్వునీ వేళ్ళమధ్య తిప్పి చూసి, రేక వాలినదల్లా పక్కన పడేసి, మూడు గంపలు ఏరించాడు. రెండు బంతులని రాసినా, ఎవరన్నా రెండు పూలు పట్టుకుని వెళతారా, రెండు గంపలని భావం అయుంటుంది, చెడితే ఇంకోటి ఉండనీ అని మూడు.

ఇద్దరూ 'బంతులు సిద్ధము' అని బదులు రాశారు. సెక్రటరీ గారు ఆ రెండు జవాబులనీ స్టోరు సత్తిబాబుకి చూపించాడు. సత్తిబాబు అది చూసి, బంతుల సంగతి పెద్దపెద్దవాళ్ళే చూసుకుంటున్నారు కదా అని నిశ్చింతగా సెలవు పెట్టి, పిల్లాజెల్లాతో అన్నవరం సత్యనారాయణ వ్రతానికి పోయాడు. మొలతాడు కూడా ఆయనతోనే పోయింది కదా.

ఆదివారం వచ్చింది. నూకరత్నం తెల్లారేసరికి తలంటుకుని, బడి సంచీలో ఇంత చద్దన్నం డబ్బా, దానికింద వలబంతి పెట్టుకుని మొదటి బస్సెక్కింది. వలబంతి ఎందుకంటే ఎందుకూ కాదు. పరీక్షకి పోయే పిల్ల పాతకలం కూడా పెట్టుకుపోతుంది చూశారూ, అలాగ.

మైదానంలోకి అడుగుపెట్టేసరికి నడిమధ్యన, సున్నంతో గీసిన పెద్ద సున్నా ఉంటుందే, సరిగ్గా దానిమీద బల్లలు వేసి, అటు పదకొండు ఇటు పదకొండు అరిటాకులు పరిచారు. నాలుగు మూలలా నాలుగు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆకులు ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద నీళ్ళగ్లాసు. బల్లల చుట్టూ మూడు గంపల బంతిపూలు. పాపాయమ్మ నడుం మీద చేతులేసుకుని, ఆకులు గీత దాటకుండా సర్దిస్తోంది.

దీవిదేశం పిల్లలు బస్సు దిగారు. వాళ్ళ నాయకురాలు తెరేసా అనే పొడుగుపిల్ల. మనవాళ్ళు కరచాలనం చేస్తే ఆ పిల్లలకి చేతులు నొప్పెట్టాయి. ఆరునెలల సాధన మరి. రెండు గీతాలూ అయ్యాయి. ఒక్క పిల్లా కదల్లేదు. మూడుమూలల జెండాలు మారాయి. సెక్రటరీ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి, బంతి కోసం చూశాయి.

వీర్రాజు మేష్టారు రిఫరీ. ఈల నోట్లో పెట్టుకుని సెక్రటరీ గారి దగ్గరికొచ్చారు. "బంతేదండి?"

"అదిగో" అని మధ్యకి చూపించబోయి ఆయన ఆగిపోయాడు. మొదటిసారి ఆ బల్లలని బల్లలుగా చూశాడు. మెల్లగా పాపాయమ్మ దగ్గరికి నడిచాడు. "అమ్మా, బంతులు సిద్ధమని రాశారు."

"కళ్ళముందే ఉంది కదండీ మొదటి బంతి. రెండోదానికి కూడా ఆకులు కోసుంచాను. గాలి సరిపోయిందో లేదో మీరోసారి కూచుని చూడండి."

సెక్రటరీ గారు తోటలాయన వైపు తిరిగాడు. ఆయన గంపలోంచి ఒక పువ్వు తీసి అందించాడు. "మచ్చ చూపించండి సార్, ఉద్యోగం మానేస్తా."

స్టోరు తలుపుకి తాళం. తాళంచెవి కొండమీద సత్యదేవుడి సన్నిధిలో.

సెక్రటరీ గారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మళ్ళీ సెక్రటరీ అయిపోయాడు. "మేష్టారూ, సర్క్యులర్ ప్రకారం పదిగంటలకి బంతి ప్రారంభం కావాలి. పది కావచ్చింది. సర్క్యులర్లో ఉన్న బంతి ఏదైనా, మైదానం మధ్యలో ఉన్న బంతి ఇదే. కరచాలనం అయింది, గీతం అయింది. నిదానంగా ఆలోచిస్తే అంతర్జాతీయ అనుభవానికి తన్నే బంతి అంత అత్యవసరం కాదు."

అని ఆయన వెళ్ళి మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. మండలి పెద్దలు కూర్చున్నారు. వాళ్ళ బావమరుదులు కూర్చున్నారు. తోటలాయన కూర్చున్నాడు. రెండు ఆకులు ఖాళీ ఉంటే బ్యాండుమేళంలో బూరా ఊదేవాళ్ళిద్దరిని పిలిచి కూర్చోబెట్టారు. మొత్తం ఇరవైఇద్దరు. గుమాస్తా 'బంతిలో పాల్గొన్నవారి పట్టిక' అని రాసిన కాగితం తిప్పితే అందరూ వరసగా సంతకాలు పెట్టారు. వడ్డన మొదలైంది.

పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు. తెరేసా తన జట్టు వైపు చూసింది, మనవాళ్ళ వైపు చూసింది, తర్వాత రెండు చేతులతో గాలిలో ఒక గుండ్రం గీసి, ఎక్కడ అన్నట్టు అరచేతులు తిప్పింది. తాళ్ళరేవు పిల్ల అలవాటుకొద్దీ నవ్వింది.

నూకరత్నానికి శ్రావణం గుర్తొచ్చింది. రొయ్యల షెడ్డు వాసన ముక్కుకి తగిలినట్టయింది. గట్టు మీదికి పోయి, సంచీలోంచి చద్దన్నం డబ్బా పక్కకి నెట్టి, వలబంతి తీసింది.

"ఇది ఆడతారేమో అడగండి మేష్టారూ. నీచు వాసనొస్తది, ముందే చెప్పండి."

తెరేసా దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసింది. మొహమంతా నవ్వయింది. వాళ్ళ మేడమ్‌తో ఏదో చెప్పింది. ఆ మేడమ్ వచ్చీరాని ఇంగ్లీషులో మేష్టారికి చెబితే తేలిందేమిటంటే, వాళ్ళ దీవిలోనూ పిల్లలు ఇలాంటి బంతితోనే మొదలెడతారట. వాళ్ళు బెండ్ల బదులు కొబ్బరిపీచు పెడతారట. అంతే తేడా.

మధ్యలో భోజనాలు నడుస్తున్నాయి కాబట్టి ఆట చుట్టూ తిరిగి ఆడాల్సి వచ్చింది. వీర్రాజు మేష్టారు ఈల ఊదారు. ఇక చూడండి. ఆరునెలలుగా బంతి కాలికి తగలని పిల్లలు మొదట కాసేపు ఎదుటివాళ్ళ దగ్గరికి పోయి మళ్ళీ కరచాలనం చేశారు. ఈలోగా వాళ్ళు రెండు గోల్సు కొట్టారు. అప్పుడు నూకరత్నం బంతి అందుకుంది. ఎడమకాలితో ఒకర్ని దాటింది, ఇద్దర్ని దాటింది, పాపాయమ్మ సాంబారు గంగాళం చుట్టూ ఒక మలుపు తిరిగి, ఒకటి కొట్టింది. అది చూసి మిగిలినవాళ్ళకి కాళ్ళు గుర్తొచ్చాయి. కాసేపటికి రెండురెండు.

మూడో గోలుకని తెరేసా గట్టిగా కొట్టిన బంతి గాలిలో లేచి, ఫ్యాను గాలికి దారి తప్పి, నేరుగా సెక్రటరీ గారి ఆకులో, పప్పులో కూలబడింది. బూరె ఒకటి ఎగిరి పక్కాయన ఒళ్ళో పడింది.

బంతిలో బంతి పడిందన్నమాట.

సెక్రటరీ గారు మొహం మీది పప్పు తుడుచుకుని, ఆకులో ఉన్నదాన్ని చూశాడు. "ఇదేమిటి?"

నూకరత్నం రొప్పుతూ వచ్చి నిలబడింది. "బంతండి."

"మండలి ఆమోదించిన బంతుల్లో ఇది లేదే."

"మరేనండి. కొంచెం ఇప్పిస్తారా?"

ఆయన దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని అందించాడు. వీర్రాజు మేష్టారు క్షణం ఆలోచించి, బంతి బంతిలో పడితే ఎదుటి జట్టుకి త్రో అని తీర్పు చెప్పారు. ఆట ముగిసేసరికి మూడుమూడు. మూడోది కూడా నూకరత్నమే, పక్కకి జరిపిన రెండు ఫ్యాన్ల సందులోంచి కొట్టింది.

తర్వాత ధ్రువపత్రాల పంపకం. బంగారురంగు అంచు, 'అంతర్జాతీయ బాలికల పోటీ, పదిహేను సంవత్సరముల లోపు' అని అచ్చు. ఒక్కొక్కరినే పిలిచి ఇచ్చారు. సెక్రటరీ గారు ఒకటి పుచ్చుకున్నారు. మండలి పెద్దలు పుచ్చుకున్నారు. బూరా ఊదేవాళ్ళిద్దరూ పుచ్చుకుని కళ్ళకద్దుకున్నారు. ఇరవైరెండు అయ్యాయి. గుమాస్తా కాగితాలు సర్దేశాడు.

"మాయి?" అంది నూకరత్నం.

"పట్టికలో నీ సంతకం లేదమ్మాయీ" అన్నాడు సెక్రటరీ గారు. కటువుగా కాదు, కాస్త బాధగానే అన్నాడు. "బంతిలో పాల్గొన్నవారే అర్హులు. బంతి జరుగుతున్నంతసేపూ మీరు ఎక్కడున్నారు?"

"ఆడుతున్నామండి."

"అదే కదా చిక్కు. గైర్హాజరు."

నూకరత్నం వలబంతిని పొట్టకి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది. వీర్రాజు మేష్టారు ఏదో అనబోతే సెక్రటరీ గారు సర్క్యులర్ తీసి చూపించాడు. ఆయన సంతకం, ఆయన ముద్ర. దాన్ని ఆయనే కాదనలేడు.

అంతలో పాపాయమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. "ఏవండీ, ఆ కాగితంలో పైముక్క ఓసారి చదవండి. ఎన్ని బంతులు?"

"రెండు."

"వేసినవెన్ని?"

సెక్రటరీ గారు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఆలస్యం లేక వెయ్యాలని కూడా ఉందంట కదా. పిల్లలు అటు పదకొండు, ఇటు పదకొండు. బంతికి ఇరవైఇద్దరు. నాకు చదువు రాదు గాని ఆకులు లెక్కెట్టడం వచ్చు. రెండో బంతి లేవకుండా పట్టిక ఎలా మూసేస్తారండీ?" అని ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏవే అమ్మడూ, అలా గుడ్లప్పగించి చూస్తావేంటే. చేతులు కడుక్కురా. బూరెలు వేడిగా ఉన్నాయి, నెయ్యి పోస్తాను."

"మొదటి బంతి చెడితేనే కదమ్మా రెండోది" అన్నాడు సెక్రటరీ గారు నీరసంగా.

"చెడలేదూ? మీ ఆకులో పప్పంతా నీచు కంపైపోయింది. నా బంతి చెడ్డం ఇదే మొదలు. ఒప్పుకుంటున్నాను, రాసుకోండి." ముప్ఫై ఏళ్ళ పేరు ఆ పిల్ల కోసం అలా పక్కన పెట్టేసింది పాపాయమ్మ. దాన్ని మటుకు మీరు నవ్వులాటగా తీసుకోకండి.

రెండో బంతి వేశారు. తెరేసా నూకరత్నం పక్కనే కూర్చుని ఏడు బూరెలు తింది. ఇరవైఇద్దరూ సంతకాలు పెట్టారు. ధ్రువపత్రాలు అందాయి. బస్సెక్కేముందు తెరేసా వలబంతి అడిగింది, నూకరత్నం ఇచ్చేసింది. నాన్న ఇంకోటి చేస్తాడులే అనుకుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారా. కూర్చోండి. పది రోజులకి రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరాలొచ్చాయి. జిల్లాలో అంతర్జాతీయ అనుభవం గల పదిహేనేళ్ళలోపు బాలికలు ముప్ఫైమూడుమంది ఉన్నారని తెలిసి మిక్కిలి సంతోషించామనీ, మరే జిల్లాలోనూ ఇంతమంది లేరనీ, అందరూ ఎంపికకి హాజరు కావాలనీ రాశారు. జట్టు పదకొండుమంది, మొదటి బంతి ఇరవైఇద్దరు. కుమారి నూకరత్నానికి ఒక ఉత్తరం. కుమారి చక్రధరరావుకి ఒక ఉత్తరం.

సెక్రటరీ గారు దాన్ని బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇది పొరపాటని ఒక్క ముక్క రాస్తే ఆయన గండం తప్పుతుంది. కానీ పట్టిక ఒకటే, సర్క్యులర్ ఒకటే. ఒక సంతకం చెల్లకపోతే అన్నీ చెల్లవు.

నూకరత్నం ఆ సంగతి మేష్టారి నోట విని బస్సెక్కి సెక్రటరీ గారి ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"మీరు రాకపోతే నాది కూడా పోద్దండి."

"నాకు యాభైఎనిమిదేళ్ళమ్మాయీ."

"నాకు వచ్చే సోమవారానికి పదేను నిండుతాయండి. ఎంపిక దానికి ముందు శనివారం."

ఆయన తన కాళ్ళవైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత లోపలికి చూసి భార్యని పిలిచాడు. "ఏమోయ్, నా కాలికి సరిపడే క్యాన్వాస్ బూట్లు బజార్లో దొరుకుతాయా?"

శనివారం తెల్లవారుజామున శిబిరం మైదానంలో ముప్ఫైమూడుమంది వరసలో నిలబడ్డారు. ఎంపిక చేసే సునంద మేడమ్, మాట తక్కువ మనిషి, చేతిలో పేర్ల కాగితం.

"కుమారి చక్రధరరావు."

"హాజరండి."

ఆవిడ తలెత్తి పై నుంచి కింది దాకా చూసింది. "మీరు బాలికా?"

"కాగితం ప్రకారం అవునండి."

"పదిహేనేళ్ళ లోపు?"

"కాగితం ప్రకారమేనండి."

"మంచిది. కాగితం ప్రకారం మీరు ఈ మైదానం చుట్టూ ఆరుసార్లు అవలీలగా పరిగెత్తాలి. కానివ్వండి."

పరిగెత్తారర్రా. మండలి పెద్దలు పరిగెత్తారు. బావమరుదులు పరిగెత్తారు. బూరా ఊదేవాళ్ళకి ఊపిరెక్కువ కాబట్టి వాళ్ళు బాగానే పరిగెత్తారు. తోటలాయన రెండో చుట్టులో గడ్డిమీద పడుకుని, ఇది మంచిరకం గడ్డి అన్నాడు. సెక్రటరీ గారు జీవితంలో మొదటిసారి నిక్కరు వేసుకుని, ఇస్త్రీ నిక్కరు, ఆరోచుట్టు నడిచి పూర్తి చేశాడు. నూకరత్నం ఆయన పక్కనే మెల్లగా పరిగెత్తి, "ఇంకొంచెమేనండి, ఆ జెండా కర్ర దాకా" అంటూ తీసుకొచ్చింది.

తర్వాత బంతులు వేశారు, తోలువి. నూకరత్నం ఒకదాన్ని ఎడమకాలితో నెమ్మదిగా ఆయన వైపు తోసింది. అది దొర్లుకుంటూ వచ్చి ఆయన బూటు దగ్గర ఆగింది. చక్రధరరావు గారు దానిమీద కాలు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఇది ఇంత తేలిగ్గా ఉంటుందా?"

"లోపల గాలండి" అంది నూకరత్నం.

ఆయన కాసేపు దానివైపే చూశాడు. "ఓహో" అన్నాడు. "ఆ గాలా."

అని తన్నాడు. బంతి ఆయన అనుకున్నవైపు పోలేదు గాని, పోయింది. ఆయన దానివెనక నాలుగడుగులు పరిగెత్తాడు కూడా, ఎవరూ చెప్పకుండానే.

మధ్యాహ్నానికి సునంద మేడమ్ ముగ్గురి పేర్లు చదివింది. మొదటిది నూకరత్నం. మిగతా పిల్లల్ని బాగా ఆడి మళ్ళీ రమ్మంది. ఇరవైఇద్దరు పెద్దల్ని చూసి, "మీకు వికాసం చాలు, ఇంటికెళ్ళండి" అంది. ఇసుకతిప్పలో ఆ సోమవారం రొయ్యల షెడ్డుకి తల్లి ఒక్కతే వెళ్ళి, పిల్లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంది.

చక్రధరరావు గారు కుంటుకుంటూ కాకినాడ దిగి, నేరుగా సత్తిబాబు ఇంటికి పోయి తాళంచెవి పుచ్చుకుని, స్టోరు తెరిచి, తోలుబంతి తీసి మైదానంలో పిల్లల మధ్యకి విసిరాడు. తలుపు మీది చీటీ చింపేశాడు. పక్కూళ్ళన్నిటితో పోటీలు పెట్టించాడు. ఆ తర్వాతే ఇంకో సర్క్యులర్ రాశాడు, ఆయన రాయకుండా ఉండలేడు కదా. "బాలికలు బంతి వలన వికసించెదరు. గమనిక: ఈ మండలి ఉత్తరప్రత్యుత్తరములలో బంతి యనగా కూర్చుండునది కాదు, పూయునది కాదు, తన్నునది."

ఆ ప్రతి పాపాయమ్మ గారికి కూడా పోయింది. కొడుకు చదివి వినిపిస్తే ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "ఎవర్రా వీడు, బంతిని తన్నేవాడు?" అంది.

అదర్రా సంగతి. దీన్ని గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి. బూరెల లెక్క తప్పినా ఫరవాలేదు, ఫ్యాన్లు నాలుగంటే అయిదనుకున్నా ఫరవాలేదు. కానీ చెప్పేటప్పుడు బంతి అన్నచోటల్లా ఒక్క క్షణం ఆగి, ఏ బంతో చెప్పి మరీ ముందుకి పోండి. పెద్దపెద్దవాళ్ళు అక్కడ ఆగకే నిక్కర్లు వేసుకోవలసి వచ్చింది.